వంగిన వెన్నుకు తక్కువ సమయంలో ఎం.ఆర్.ఐ.: డీప్ లర్నింగ్‌ను జాగ్రత్తగా వాడే పద్ధతి

నల్లగొండ జిల్లాలో ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌గా పనిచేసేవారికి ఫ్లోరోసిస్ రోగులు కొత్త కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవయసు వారిలో వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ ముందుకు వంగి, వెల్లకిలా పడుకోవడమే కష్టమైనవారు ఇప్పటికీ కనిపిస్తారు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు ఊళ్లకు చేరినా, ఏళ్ల తరబడి తాగిన బోరునీటితో ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్, దానివల్ల గట్టిపడిన స్నాయువులు మళ్లీ మామూలు కావు. అటువంటి ఒక పెద్దమ్మకు మెడ స్కాన్ చేయవలసి వచ్చినప్పుడు, తల కాయిల్‌లో (సిగ్నల్‌ను పట్టే తొడుగులో) ఆనడం కోసం నడుము కింద, తొడల కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టాను. మూడు సీక్వెన్సులు (ఒక్కో రకం చిత్రాల వరుసలు) పూర్తయి, అన్నింటికన్నా ముఖ్యమైన యాక్సియల్ టి2 (నీరు తెల్లగా కనిపించే అడ్డకోత చిత్రాలు) మొదలైన కాసేపటికి మైకులో ఆమె గొంతు వినిపించింది: "ఇంకెంతసేపు పడ్తది బిడ్డా, నాతోని అయితలేదు." ఆ మాట అంటూ ఆమె కదిలింది. వెన్నుపాము అంచు ఆ చిత్రాల్లో రెండు గీతలుగా పడింది. ఆ సీక్వెన్స్‌ను రెండోసారి చేసినా అంతే.

ఆమె లాంటివారిని మిషన్‌లో ఎంత తక్కువసేపు ఉంచగలమన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం. స్కానర్‌తో పాటు వచ్చిన డీప్ లర్నింగ్ సౌకర్యాన్ని, అంటే ఎన్నో చిత్రాలు చూసి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌తో చిత్రాన్ని తయారు చేసే సౌకర్యాన్ని, వాడే టెక్నీషియన్లు, రేడియాలజిస్టుల కోసం, అలాగే స్వయంగా ఒక మోడల్‌ను తయారు చేసి చూడాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం దీన్ని రాస్తున్నాను.

సమయం ఎక్కడ పోతున్నదో ముందు లెక్క వేయండి

ఫాస్ట్ స్పిన్ ఎకో సీక్వెన్స్‌కు పట్టే సమయాన్ని కాగితం మీద లెక్కగట్టవచ్చు. టి.ఆర్. (ఒక విడతకు పట్టే సమయం) 3,500 మిల్లీసెకన్లు, ఫేజ్ ఎన్‌కోడింగ్ గీతలు (చిత్రానికి కొలవవలసిన గీతలు) 320, ఎకో ట్రెయిన్ (ఒక విడతలో కొలిచే గీతలు) 16, యావరేజ్‌లు (మొత్తాన్ని ఎన్నిసార్లు కొలుస్తామో) 2 అనుకుందాం. 320ని 16తో భాగిస్తే 20 విడతలు వస్తాయి. ఒక్కో విడతకు మూడున్నర సెకన్లు కాబట్టి మొత్తం 70 సెకన్లు, రెండు యావరేజ్‌లకు 140 సెకన్లు, అంటే 2 నిమిషాల 20 సెకన్లు అవుతుంది. ఇటువంటి సీక్వెన్సులు నాలుగైదు, వాటి మధ్య సర్దుబాట్లు, రోగి కదిలితే మళ్లీ మొదటినుంచి తీయడం అన్నీ కలిసి అరగంట దాటుతుంది.

ఈ లెక్కలో ప్రతి అంకెనూ తగ్గించవచ్చు కానీ, ఒక్కోదానికి ఒక్కో మూల్యం ఉంది. టి.ఆర్. తగ్గిస్తే కాంట్రాస్ట్ మారుతుంది. ఎకో ట్రెయిన్ మరీ పొడిగిస్తే చిత్రం అలుక్కుపోతుంది. ఈ రెండింటినీ డీప్ లర్నింగ్ సరిచేస్తుందని ఆశించకూడదు. యావరేజ్‌లను రెండు నుంచి ఒకటికి తగ్గిస్తే నాయిస్ పెరుగుతుంది, గీతలను నడుమ నడుమ వదిలేస్తే చిత్రం తన మీద తానే మడతపడుతుంది. డీప్ లర్నింగ్ నిజంగా పనికివచ్చేది ఈ చివరి రెండు చోట్లనే.

గీతలు వదిలేయడమంటే ఏమిటో కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎం.ఆర్.ఐ. మిషన్ చిత్రాన్ని నేరుగా తీయదు. కె-స్పేస్ అనే పట్టికను గీత తరువాత గీతగా నింపుతుంది, అది నిండిన తరువాత ఫోరియర్ పరివర్తనతో చిత్రం తయారవుతుంది. పోచంపల్లి నేతలో రంగు అద్దిన ఏ పోగు ఏ పువ్వులోకి పోతుందో నేతగాడికి ముందే తెలుసు. కె-స్పేస్‌లో అలా ఉండదు, ఒక్కో గీతలో చిత్రం మొత్తం కొద్దికొద్దిగా కలిసి ఉంటుంది. నడిమి గీతల్లో కాంట్రాస్ట్, పెద్ద ఆకారాలు ఉంటాయి, అంచుల దగ్గరి గీతల్లో సన్నని గీతలు, పదునైన సరిహద్దులు ఉంటాయి. అందువల్ల కొన్ని గీతలు లేకపోతే చిత్రంలో ఒక మూల ఖాళీగా మిగలదు, చిత్రమంతటా తప్పు పరుచుకుంటుంది. అంచు గీతలను పూర్తిగా కోసేస్తే రిజల్యూషన్ పోతుంది, సన్నని వెన్నుపాములో అసలు లేని ఒక పొడవాటి గీత కూడా కనిపించవచ్చు. గిబ్స్ రింగింగ్ వల్ల పుట్టే ఆ గీతను సిరింక్స్‌గా (వెన్నుపాములో నీరు నిండిన తిత్తిగా) పొరబడే ప్రమాదం ఉన్నదని మెడ స్కాన్‌లు చదివే రేడియాలజిస్టులందరికీ తెలుసు.

వదిలేసిన గీతలను పూరించే ప్రయత్నాలు డీప్ లర్నింగ్‌కన్నా ఎంతో ముందే మొదలయ్యాయి. కాయిల్‌లోని వేర్వేరు భాగాలు శరీరాన్ని వేర్వేరు చోట్ల నుంచి వింటాయన్న వాస్తవాన్ని ఆధారం చేసుకుని 1997లో స్మాష్, 1999లో సెన్స్, 2002లో గ్రాప్పా పద్ధతులు వచ్చాయి. గీతలను క్రమంగా కాకుండా చెదురుమదురుగా వదిలేస్తే తప్పు కూడా నాయిస్‌లా చెదిరిపోతుందని, అప్పుడు దాన్ని వేరు చేయడం తేలికని చెప్పే కంప్రెస్డ్ సెన్సింగ్‌ను 2007లో లుస్టిగ్, డొనోహో, పౌలీ ఎం.ఆర్.ఐ.కి అన్వయించారు. డీప్ లర్నింగ్ వీటిని కొట్టివేయదు, వీటి మీదనే నిలబడుతుంది. కాబట్టి మీ కాయిల్ సరిగా అమర్చకపోయినా, దానిలో ఒక భాగం పనిచేయకపోయినా ఎంత మంచి నెట్‌వర్క్ కూడా ఆ లోటును తీర్చలేదు.

ఒక భౌతిక నియమాన్ని కూడా గుర్తుంచుకోవాలి. గీతలను నాలుగో వంతుకు తగ్గిస్తే సిగ్నల్‌కు, నాయిస్‌కు మధ్య నిష్పత్తి కనీసం సగానికి పడిపోతుంది. తెర మీద చిత్రం నున్నగా కనిపించినా, కొలిచిన సమాచారం మాత్రం అంతే ఉంటుంది. మిగిలినది నెట్‌వర్క్ తాను నేర్చుకున్న దాని నుంచి పూరించినదే.

నమ్మదగిన నెట్‌వర్క్‌ను ఎలా గుర్తించాలి

మసకగా ఉన్న చిత్రాన్ని తీసుకుని స్పష్టమైన చిత్రాన్ని ఇచ్చే నెట్‌వర్క్‌లు ఎన్నో ఉన్నాయి. వాటిని రోగి రిపోర్టుకు వాడవద్దని నా గట్టి అభిప్రాయం. మనకు కావలసినది కొలిచిన కె-స్పేస్‌ను ప్రతి దశలోనూ తిరిగి సరిచూసుకునే నెట్‌వర్క్. వేరియేషనల్ నెట్‌వర్క్ అనే పద్ధతిని హామర్నిక్ బృందం 2018లో ప్రచురించింది. అగర్వాల్, మెర్రీ మణి, మాథ్యూస్ జేకబ్ కలిసి రూపొందించిన 'మోడల్' (MoDL) అనే పద్ధతి కూడా ఈ కోవకు చెందినదే. వీటిలో నెట్‌వర్క్ ఒక అడుగు చిత్రాన్ని శుభ్రం చేస్తుంది. మరుసటి అడుగులో ఆ చిత్రాన్ని మళ్లీ కె-స్పేస్‌గా మార్చి, నిజంగా కొలిచిన గీతల దగ్గర అది కొలతకు ఎంత దూరం జరిగిందో చూసి వెనక్కి లాగుతుంది. ఇలా పలుమార్లు జరుగుతుంది. 2020లో వచ్చిన ఎండ్-టు-ఎండ్ వేరియేషనల్ నెట్‌వర్క్‌లో కాయిల్ భాగాల సున్నితత్వ పటాన్ని కూడా నెట్‌వర్కే నడిమి గీతల నుంచి అంచనా వేస్తుంది. అయితే కొలవని గీతల విషయంలో నెట్‌వర్క్‌కు స్వేచ్ఛ ఉంటుందని, పొరపాటు జరిగేది అక్కడేనని మరవకూడదు.

స్కానర్ కంపెనీలు ఇప్పుడు ఈ సౌకర్యాన్ని తమ సాఫ్ట్‌వేర్‌లోనే ఇస్తున్నాయి: జీఈ వారి ఎయిర్ రీకాన్ డీఎల్, సీమెన్స్ వారి డీప్ రిజాల్వ్, ఫిలిప్స్ వారి స్మార్ట్‌స్పీడ్, క్యానన్ వారి ఏఐసీఈ. వీటిలో కొన్ని ప్రధానంగా నాయిస్‌ను తగ్గిస్తాయి, కొన్ని వదిలేసిన గీతలను కూడా పూరిస్తాయి. మీ దగ్గర ఉన్నది ఏ పని చేస్తుందో అప్లికేషన్ ఇంజనీరును అడిగి స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే పొదుపు చేసే దారి దాన్నిబట్టే మారుతుంది.

సొంతంగా మోడల్ తయారు చేసేవారికి

విద్యార్థులకు అన్నింటికన్నా సులభమైన ఆరంభం ఫాస్ట్‌ఎం.ఆర్.ఐ. డేటా. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్.వై.యు. లాంగోన్ వైద్య కేంద్రం, ఫేస్‌బుక్ పరిశోధన విభాగం కలిసి 2018లో ఈ పని మొదలుపెట్టి 1,500కు పైగా మోకాలి స్కాన్‌ల ముడి కె-స్పేస్‌ను పరిశోధకులకు ఇచ్చాయి. తరువాత మెదడు, ప్రోస్టేట్, రొమ్ము స్కాన్‌లు చేరాయి. శిక్షణకు వాడే కోడ్ కూడా పైటార్చ్‌లో ఉచితంగా దొరుకుతుంది. 15 భాగాల కాయిల్‌తో, 640 ఇంటూ 368 పరిమాణంతో తీసిన 36 స్లైస్‌ల మోకాలు ఒక్కటే సుమారు ఒక గిగాబైటు ఉంటుంది. కాబట్టి డిస్కు, గ్రాఫిక్స్ కార్డు విషయంలో ముందే సిద్ధపడాలి.

మాస్క్ (ఏ గీతలను ఉంచాలో, ఏవి వదలాలో చెప్పే పట్టిక) తయారు చేసేటప్పుడు నడిమి గీతలను ఎప్పుడూ వదలకూడదు. ఫాస్ట్‌ఎం.ఆర్.ఐ.లో నాలుగు రెట్ల వేగానికి నడిమి 8 శాతం, ఎనిమిది రెట్ల వేగానికి నడిమి 4 శాతం గీతలను పూర్తిగా ఉంచుతారు. పైన చెప్పిన 320 గీతల ఉదాహరణలో నాలుగు రెట్లంటే మొత్తం 80 గీతలు, వాటిలో సుమారు 26 నడిమివి. 80 గీతలను 16 ఎకోలతో 5 విడతల్లో తీయవచ్చు కాబట్టి, రెండు యావరేజ్‌లతో కలిపి 35 సెకన్లు సరిపోతాయి. 140 సెకన్లు 35కు తగ్గడమంటే ఆ పెద్దమ్మకు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పును దాచకుండా చెప్పాలి. మొదట్లో ఒక విద్యార్థి మిత్రునితో కలిసి ప్రయత్నించినప్పుడు, ముడి డేటా బయటికి తీయడం కష్టమని భావించి, దాచి ఉన్న డైకామ్ చిత్రాలనే (స్కానర్ పూర్తి చేసి ఇచ్చే చిత్రాల ఫైళ్లనే) తీసుకుని, వాటికి ఫోరియర్ పరివర్తన చేసి దాన్నే కె-స్పేస్‌గా వాడాం. ఫలితాలు ఎంతో బాగా వచ్చాయి. తరువాత కొన్ని నిజమైన ముడి ఫైళ్లు దొరికి వాటి మీద నడిపితే చిత్రం నిండా మరకలు వచ్చాయి. డైకామ్ చిత్రానికి అప్పటికే వడపోత జరిగి ఉంటుంది. ఫేజ్ సమాచారం పోయి ఉంటుంది. 320 గీతలతో తీసిన దాన్ని సున్నాలు నింపి 512కు పెంచి ఉండవచ్చు కూడా. అటువంటి కె-స్పేస్‌లో అంచు గీతలన్నీ దాదాపు ఖాళీ కాబట్టి వాటిని వదిలేసినా నష్టం కనిపించదు. ఈ రకమైన పొరపాటు ఫలితాలను ఎంతగా ఉబ్బించి చూపుతుందో 2022లో షిమ్రోన్ బృందం వివరంగా ప్రచురించింది. ఆ వ్యాసాన్ని ముందే చదివి ఉంటే మాకు కొన్ని నెలలు కలిసి వచ్చేవి. ముడి డేటాను స్కానర్ ఎక్కువ కాలం దాచదు, డిస్కు నిండగానే పాతదాన్ని చెరిపివేస్తుంది. కాబట్టి స్కాన్ అయిన రోజే దాన్ని కాపీ చేసుకుని, ఐ.ఎస్.ఎం.ఆర్.ఎం.ఆర్.డి. అనే ముడి డేటా ఫార్మాట్‌లోకి మార్చి పెట్టుకోవాలి. పేరు, నంబరు, పుట్టిన తేదీ తీసివేయడం, రోగి అనుమతి, సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) విడుదల చేసిన కృత్రిమ మేధ మార్గదర్శకాలు ఈ విషయంలో చదవదగినవి. సొంతంగా తయారు చేసిన మోడల్ ఇచ్చిన చిత్రం పరిశోధనకే పరిమితం. రోగి చేతికిచ్చే రిపోర్టు అనుమతి పొందిన సాఫ్ట్‌వేర్ ఇచ్చిన చిత్రం మీదనే రాయాలి.

మన రోగుల మీద పరీక్షించడం

ఫాస్ట్‌ఎం.ఆర్.ఐ.లో వెన్ను స్కాన్‌లు లేవు, ఫ్లోరోసిస్ సంగతి సరేసరి. న్యూయార్క్ మోకాళ్ల మీద నేర్చుకున్న నెట్‌వర్క్‌కు, ఎముకగా మారిన పోస్టీరియర్ లాంగిట్యూడినల్ లిగమెంట్ (వెన్నుపాముకు ముందు వైపున్న స్నాయువు) వెన్నుపామును వెనక్కి నొక్కుతూ ఉండే దృశ్యం తెలియదు. గట్టిపడిన స్నాయువు టి1లోనూ టి2లోనూ నల్లగా కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న నీరు టి2లో తెల్లగా ఉంటుంది. నొక్కుకుపోయిన చోట వెన్నుపాము లోపల కొన్ని మిల్లీమీటర్ల తెల్లని మచ్చ ఉండవచ్చు. ఆ మచ్చ ఉన్నదా లేదా అన్నదాన్ని ఆపరేషన్ గురించి ఆలోచించే సర్జన్ జాగ్రత్తగా చూస్తాడు. ఆ నల్లని అంచు, ఆ చిన్న తెల్లని మచ్చ చెక్కుచెదరకుండా మిగలాలి. మన ప్రాంతంలో నాణ్యత అంటే నా దృష్టిలో ఇదే.

దీన్ని రెండు చిత్రాల పోలికను చెప్పే ఎస్.ఎస్.ఐ.ఎం. వంటి అంకెతో కొలవలేము. 220 మిల్లీమీటర్ల చదరపు చిత్రంలో 3 మిల్లీమీటర్ల మచ్చ మొత్తం వైశాల్యంలో ఐదు వేల వంతుల్లో ఒక వంతుకన్నా తక్కువ. అది పూర్తిగా మాయమైనా సగటు అంకె కదలదు. 2020లో జరిగిన ఫాస్ట్‌ఎం.ఆర్.ఐ. మెదడు పోటీలో కూడా మంచి అంకెలు వచ్చిన కొన్ని చిత్రాల్లో లేని నిర్మాణాలు పుట్టుకొచ్చినట్లు రేడియాలజిస్టులు గుర్తించారు. అదే సంవత్సరం ఆంటున్ బృందం, ఇన్‌పుట్‌లో కంటికి కనిపించనంత చిన్న మార్పు చేసినా కొన్ని నెట్‌వర్క్‌ల ఫలితం ఘోరంగా చెడిపోతుందని చూపింది.

సొంత మోడల్ ఉన్నవారు నేను ఎంతో ఉపయోగకరమని భావించే ఒక పరీక్ష చేయవచ్చు. గీతలన్నీ ఉన్న ఒక ముడి డేటాను తీసుకుని, నడిమి గీతలను అలాగే ఉంచి, మిగిలిన గీతలను వేర్వేరు విధాలుగా వదులుతూ పది మాస్క్‌లు తయారు చేయండి. పదింటినీ విడివిడిగా నెట్‌వర్క్‌కు ఇచ్చి, వచ్చిన పది చిత్రాలను ఒకదాని తరువాత ఒకటిగా వేగంగా తిప్పి చూడండి. నిజంగా శరీరంలో ఉన్నది దాదాపు పదింటిలోనూ నిలుస్తుంది. ఒకదానిలో కనిపించి మరొకదానిలో మాయమయ్యేది కొలత నుంచి వచ్చినది కాదు, దాన్ని అనుమానించాలి. అయితే పదింటిలోనూ ఒకే విధంగా చెరిగిపోయిన మచ్చను ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికోసం ప్రతి చిత్రాన్నీ పూర్తి గీతల చిత్రం పక్కన పెట్టి, రెండింటి తేడాను పెద్దది చేసి చూడాలి. ఆ తేడా చిత్రంలో నాయిస్ మాత్రమే ఉండాలి. వెన్నుపాము ఆకారం లీలగానైనా కనిపిస్తే ఆ వేగం ఎక్కువైనట్లే.

పూర్తి గీతలు తీసి తరువాత వదిలినట్లు లెక్కగట్టడం ఒక ఎత్తు, నిజంగానే తక్కువ గీతలతో స్కాన్ చేయడం మరొక ఎత్తు. అందుకే రేడియాలజిస్టు సహకారంతో, కదలకుండా పడుకోగల రోగులకు వారి అనుమతితో అదే సిట్టింగ్‌లో పాత సీక్వెన్స్, వేగమైన సీక్వెన్స్ రెండూ తీయండి. చదివేవారికి ఏది ఏదో చెప్పకుండా, రెండింటికీ మధ్య కొన్ని వారాల విరామం ఇచ్చి చదివించండి. మోకాలి విషయంలో 2020లో ప్రచురితమైన అధ్యయనంలో 108 మంది రోగుల చిత్రాలను ఆరుగురు రేడియాలజిస్టులు ఈ దృష్టితోనే చదివి, వేగమైన చిత్రాలు మామూలు వాటికి బదులుగా వాడదగినవేనని తేల్చారు. అంత పెద్ద సంఖ్య జిల్లా స్థాయిలో సాధ్యం కాకపోవచ్చు. ఇరవై మందితో మొదలుపెట్టినా మంచిదే, కానీ వారిలో ఫ్లోరోసిస్ ఉన్నవారు తప్పక ఉండాలి.

కన్సోల్ దగ్గర

అనుమతి పొందిన సౌకర్యం స్కానర్‌లో ఉన్నప్పుడు ఒక్కసారిగా అన్నింటినీ మార్చవద్దు. మొదట యావరేజ్‌లను రెండు నుంచి ఒకటికి తగ్గించి నాయిస్ తగ్గించే భాగాన్ని వాడండి. గీతలన్నీ కొలిచినవే కాబట్టి ఇది అన్నింటికన్నా సురక్షితమైన పొదుపు. ఫలితం తృప్తిగా ఉంటే గీతలను రెండు రెట్లు తగ్గించండి, మూడుకు వెళ్లే ముందు ఆగి రేడియాలజిస్టుకు చూపించండి. మెడ యాక్సియల్‌లో అంతకు మించి వెళ్లడానికి నేను ఇష్టపడను. నాయిస్ తగ్గించే స్థాయిని ఎంచుకునే వీలుంటే మధ్యస్థంగా ఉంచండి. ఎక్కువలో పెడితే కండరాల పోగులు మైనం పూసినట్లు నున్నగా మారి, వెన్నుపాము లోపలి తేడాలు కూడా వాటితోపాటే సన్నగిల్లుతాయి.

కదలిక విషయంలో మరింత మెలకువ అవసరం. పాత పద్ధతిలో రోగి కదిలితే దయ్యపు గీతలు కనిపించి మనకు వెంటనే తెలిసేది. డీప్ లర్నింగ్ చిత్రంలో ఆ గీతలు కొంత అణగిపోయి, పదునుగా కనిపించే తప్పు చిత్రం మిగలవచ్చు. అందువల్ల చిత్రాన్ని చూసి కాదు, కెమెరాలో రోగిని చూసి నిర్ణయించాలి. ఆమె తల కదిలిందని మీకు తెలిస్తే, తెర మీద ఎంత బాగున్నా ఆ సీక్వెన్స్‌ను మళ్లీ తీయాలి. ఒక్కో సీక్వెన్స్ నిమిషంలోపే కాబట్టి మళ్లీ తీయడం ఇప్పుడు భారం కాదు.

సీక్వెన్సుల వరుసను కూడా మార్చండి. అలవాటుగా చివర చేసే యాక్సియల్ టి2ను సజిటల్ (పక్క నుంచి చూసే నిలువుకోత) టి2 తరువాత రెండోదిగా తీసి, టి1, కొవ్వును అణచే స్టిర్ సీక్వెన్సులను ఆ తరువాతికి ఉంచండి. రోగికి ఓపిక ఉన్న మొదటి ఐదు నిమిషాల్లోనే అతి ముఖ్యమైనది చేతికి వస్తుంది. మిగిలిన సమయాన్నంతా మరో రోగిని ఎక్కించడానికే వాడకుండా, అందులో కొంత ఆమెను దిండ్లతో సరిగా అమర్చడానికి ఖర్చు చేయాలని యాజమాన్యాన్ని ఒప్పించండి. దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన మనిషిని చిత్రం సరిగా రాలేదని మరో రోజు రమ్మనడం కన్నా ఇది ఎంతో మేలు.

ఏ సీక్వెన్స్‌ను ఎన్ని రెట్ల వేగంతో, ఏ స్థాయి నాయిస్ తగ్గింపుతో తీశారో ప్రోటోకాల్ పుస్తకంలోనూ, రేడియాలజిస్టుకు కనిపించేలా సీక్వెన్స్ పేరులోనూ రాయండి. అనుమానం వచ్చినప్పుడు అదే ముడి డేటాను డీప్ లర్నింగ్ లేకుండా మళ్లీ చిత్రంగా మార్చే వీలు చాలా స్కానర్లలో ఉంటుంది, కానీ డేటా చెరిగిపోకముందే అడగాలి. కంపెనీవారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్ మారి ఉండవచ్చు. కనుక వారు వెళ్లిన రోజు సాయంత్రమే ఫాంటమ్‌ను (స్కానర్‌ను పరీక్షించే నమూనా వస్తువును), అంగీకరించిన ఒక సహోద్యోగి మెడను పాత, కొత్త సీక్వెన్సులు రెండింటితో తీసి, వెనుకటి చిత్రాల పక్కన పెట్టి చూసిన తరువాతనే మరుసటి ఉదయం మొదటి రోగిని లోపలికి పిలవండి.